‘చిచి’ అంటే నాన్నే: పెద్దయ్యాక కొత్త భాష నేర్చుకుంటున్నవాళ్ళ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట అడిగాను. వయసొచ్చాక కొత్త భాష నేర్చుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మీకొచ్చిన డౌటూ, నవ్వొచ్చిన సంగతీ రెండూ కలిపి పంపండి అని. మన ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం అన్ని వైపుల నుంచీ వచ్చాయి, కొందరైతే వాట్సాప్‌లో ఐదేసి నిమిషాల వాయిస్ మెసేజీలు పెట్టారు, అన్నీ విన్నాను. మనవి ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, ఆఫీసులో ఇంకో భాష నడిచే ఊళ్ళు, మనకి రెండో భాషా మూడో భాషా కొత్త కాదు. ఐనా పరాయి దేశం భాష అనేసరికి అందరూ బెదిరిపోతున్నారు, ఒక తప్పు మాటకి ఎవరో నవ్వితే పుస్తకం మూసేస్తున్నారు. ఆ నవ్వు దగ్గరే ఆగిపోకండి అని చెప్పడానికే ఈసారి పేజీ మొత్తం దీనికి ఇచ్చేశాను.

ప్రశ్న: అక్కా, నాకు 54 ఏళ్ళు, బరంపురంలో ఉంటాం. మా అబ్బాయి జర్మనీలో ఉండిపోయాడు, కోడలు అక్కడి పిల్లే, మనవడికి నాలుగేళ్ళు. వాడితో నాలుగు మాటలు మాట్లాడాలని ఇంగ్లీషు మీదుగా జర్మన్ చెప్పే ఆన్‌లైన్ క్లాసులో చేరాను. మొన్న వీడియో కాల్‌లో నాకు చలిగా ఉందిరా అని చెప్దామని ‘ఇహ్ బిన్ కాల్ట్’ అన్నాను, వాడు పడీ పడీ నవ్వీసాడు. అంతకుముందు అరిసెలు పంపిస్తూ డబ్బా మీద పెద్ద పెద్ద అక్షరాలతో ‘గిఫ్ట్’ అని రాసీసాను, మా వియ్యపురాలు అది చూసి ఉలిక్కిపడిందట. క్లాసు మానీద్దామనిపిస్తోంది. ఏటి చెయ్యమంటారు?

జవాబు: మానకండమ్మా, దయచేసి మానకండి. నేను జర్మన్ మొదలెట్టింది నలభై మూడో ఏట, మీరు చెప్పిన రెండు చోట్లా నేనూ ఆగాను, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందు చలి సంగతి. మీ క్లాసులో ఇంగ్లీషు మీదుగా చెప్తున్నారు కదా, ‘ఐ యామ్ కోల్డ్’ని అలాగే దింపితే ‘ఇహ్ బిన్ కాల్ట్’ వస్తుంది, అంటే ‘నేను చల్లగా ఉన్నాను’ అని, ముట్టుకుంటే చల్లగా తగిలే వస్తువులాగా, లేదా మనసులో ఆప్యాయత లేని మనిషిలాగా. మరి తెలుగులో మీరేమంటారు? ‘నాకు చలిగా ఉంది’ అంటారు. జర్మన్ వాళ్ళూ అచ్చం అదే అంటారు, ‘మియర్ ఇస్ట్ కాల్ట్’. మియర్ అంటే నాకు, ఇస్ట్ అంటే ఉంది. ఇంకా బావుండేది ఏంటంటే ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి చూడండి, ‘వైల్ మియర్ కాల్ట్ ఇస్ట్’ అవుతుంది, ఎందుకంటే - నాకు - చలిగా - ఉంది, ఒక్కో మాట కింద ఒక్కో మాట పెట్టినట్టు సరిపోతుంది, క్రియ కూడా మనలాగే చివరికి వచ్చి కూర్చుంటుంది! ఇది మొదటిసారి చూసిన రోజు నేను వంటింట్లోంచి మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను. ‘నాకు నచ్చింది’ అనాలన్నా అంతే, ‘ఎస్ గెఫెల్ట్ మియర్’, అందులోనూ ‘నాకు’ ఉంది. సారీ చెప్పాలంటే ‘ఎస్ టూట్ మియర్ లైట్’, నాకు బాధగా ఉంది అన్నట్టే. కాబట్టి జర్మన్ మాట తట్టనప్పుడు ఇంగ్లీషు వైపు పరిగెత్తకండి, ముందు తెలుగులో ఎలా అంటామో ఒకసారి పైకి అని చూసుకోండి. అన్నిసార్లూ కుదరదు, కుదిరిన చోట మాత్రం ఇక మర్చిపోరు.

ఇప్పుడు అరిసెల డబ్బా. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం, మన బహుమతికి వాళ్ళ మాట ‘గెషెంక్’. మీ వియ్యపురాలు ఉలిక్కిపడ్డం సహజం, పాపం వంటగది బల్ల మీద విషం అని రాసున్న డబ్బా చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ మాట పుట్టుక చూడండి, అది కూడా ‘ఇవ్వడం’ అనే ధాతువు నుంచే వచ్చింది, ఒకప్పుడు ‘ఇచ్చేది’ అనే అర్థమే ఉండేది, తర్వాత మనిషికి మోతాదుగా ఇచ్చే మందుకి వాడీ వాడీ చివరికి విషం దగ్గర ఆగిపోయింది. పాత అర్థం ‘మిట్‌గిఫ్ట్’ అనే మాటలో ఇంకా బతికే ఉంది, అంటే పెళ్ళికూతురికి ఇచ్చి పంపే కట్నం. ఇలాంటిది మనకీ ఉంది. మందు అంటే ఏంటో ఒక జర్మన్ ఆవిడకి చెప్పి చూడండి, జ్వరానికి వేసుకునేది మందు, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే, దీపావళి టపాకాయల్లో కూరేది మందు, చేలో పురుగులకి కొట్టేదీ మందే. ఈసారి ఫోన్లో మీ వియ్యపురాలికి ఇది చెప్పండి, ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు, ఆ అరిసెల డబ్బాయే మీ ఇద్దరికీ మాట కలపడానికి దారి అవుతుంది. ఆవిడతో మాత్రం ‘జీ’ అనండి, అది మన మీరు, మనవడితో ‘డూ’ అనండి, అది నువ్వు. ఎవరితో ఏది అనాలో ఇంగ్లీషు నేర్పదు, మనకి పుట్టుకతోనే తెలుసు. ఆవిడే ‘డూ’ అనుకుందాం అంటే అప్పుడు మారండి.

ఇంక డేర్ (మగ), డీ (ఆడ), డస్ (వస్తువు) అని నామవాచకాల ముందు వచ్చేవి ఉన్నాయే, వాటితో అందరూ అవస్థ పడతారు. ‘అమ్మాయి’ అనే మాటకి డస్ వస్తుంది, ‘డస్ మేట్హెన్’, అంటే వ్యాకరణంలో అది వస్తువుల గుంపు, ఆ మాట చివరున్న ‘హెన్’ ముద్దుగా చిన్నది చేసే ముక్క, అది తగిలితే ఏ మాటకైనా డస్సే. ఇదేం అన్యాయం అనుకునే ముందు మన మాట వినండి, అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది, మనమూ ఒకే క్రియ వాడుతున్నాం కదా. మనవడితో కలిసి నేర్చుకోడానికి ఒక జత చెప్తాను. చంద్రుడు ‘డేర్ మోండ్’, మగవాడు, మనకి చందమామ మామయ్యే కాబట్టి అది గుర్తు పెట్టుకోనక్కర్లేదు. సూర్యుడే అక్కడ ఆడమనిషి, ‘డీ జొన్నె’. రాత్రి వాడు పడుకునే ముందు ‘డేర్ మోండ్’ అని చూపించి చందమామ రావే పాడండి, వాడికి తెలుగూ వస్తుంది మీకు జర్మనూ వస్తుంది.

అంకెల గురించి మీరు అడగలేదు కానీ రేపో ఎల్లుండో అడుగుతారు. 21 అనడానికి వాళ్ళు ‘ఐన్ ఉంట్ ట్స్వాన్ట్సిగ్’ అంటారు, ఒకటీ ఇరవై అని, ఒకటి ముందు. తెలుగులో ఇరవై ఒకటి కాబట్టి మనకి తిరగేసినట్టు ఉంటుంది. కానీ మీరు బరంపురం మనిషి, ఒడియాలో 21 ఏమంటాం? ఏకోఇశి. అక్కడా ఒకటే ముందు. పుట్టిన పిల్లలకి ఇరవై ఒకటో రోజు చేసే ఏకోఇశాకి ఎన్నిసార్లు భోజనానికి వెళ్ళుంటారు మీరు! ఆ నాలుకే ఇదీ పలుకుతుంది.

ప్రశ్న: 61 దాటింది, రిటైరయ్యాను. ఈ వయసులో కొత్త భాష బుర్రకెక్కుతుందా? ఇంట్లో అందరూ ఇప్పుడెందుకు అంటున్నారు. (గజపతి జిల్లా)

జవాబు: ఎక్కుతుంది సార్. యాస విషయంలో చిన్నపిల్లలదే పైచేయి, అది ఒప్పుకోవాల్సిందే, కానీ మొదటి నెలల్లో వాక్యం ఎలా కట్టాలో పట్టుకోవడంలో పెద్దవాళ్ళే ముందుంటారు, ఎందుకంటే మీకు ఆల్రెడీ రెండు మూడు భాషల చట్రాలు లోపల ఉన్నాయి. అయినా మీ జిల్లాలో ఉండి ఈ ప్రశ్న అడగడం ఏంటండీ. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టారు, మీ పర్లాకిమిడి స్కూల్లోనే 1880 నుంచి పాఠాలు చెప్పారు, ఉద్యోగం చేసుకుంటూనే సవర భాష నేర్చుకున్నారు. సవర అటు తెలుగుకీ కాదు ఇటు ఒడియాకీ కాదు, రెంటికీ చుట్టం కాదు, ముండా అనే వేరే భాషా కుటుంబం. పుస్తకాలు లేవు, లిపి లేదు, మనుషుల నోట విని ఒక్కో మాటా రాసుకున్నారు. సవర వ్యాకరణం 1931లో వచ్చింది, నిఘంటువు 1938లో అచ్చయింది, అప్పటికి ఆయనకి 75 ఏళ్ళు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే. ఇంట్లోవాళ్ళకి ఈ ఒక్క పేరు చెప్పండి చాలు.

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం వైపు, పెళ్ళై బరంపురం వచ్చి ఏడాది. ఒడియా సగం మాటలు తెలుగులాగే ఉంటాయి కదా అని ధైర్యంగా ఉండేదాన్ని, అదే కొంప ముంచింది. వచ్చిన కొత్తలో పక్కింటావిడ ఏదో పొరపాటు జరిగితే నాతో ‘రాగ కరంతు నాహిఁ’ అంది. నేను వంట చేస్తూ కూనిరాగాలు తీస్తాను, అది వద్దంటోంది అనుకుని వారం రోజులు నోరు మూసుకుని వండాను. తర్వాత మా ఆయన చెప్తే తెలిసింది, కోప్పడకండి అని బతిమాలుకుందట పాపం. ఇలాంటివి ఇంకేమున్నాయో ముందే చెప్పండి.

జవాబు: నీ ఉత్తరం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించానమ్మా. వారం రోజులు పాట లేకుండా వండావంటే ఆ పక్కింటావిడకే తెలిస్తే ఎంత బాధపడుతుందో, వెళ్ళి చెప్పెయ్, ఆవిడ నీకు జన్మలో మర్చిపోలేనంత ఒడియా నేర్పుతుంది.

సంగతేంటంటే రెండు భాషలూ సంస్కృతం ఇంటి నుంచే మాటలు తెచ్చుకున్నాయి, తెచ్చుకున్నాక ఎవరి ఇంట్లో వాళ్ళు వేరే వేరే పనులకి వాడుకున్నారు. రాగం మనకి పాటలోది, ఒడియాలో రాగ అంటే కోపం, మరాఠీలోనూ కోపమే. ‘జిల్లా శిక్షా అధికారి’ అని బోర్డు కనిపిస్తే కంగారుపడకు, ఆయన శిక్షలు వేసే ఆయన కాదు, చదువుల ఆఫీసరు, ఒడియాలో శిక్షా అంటే విద్య. మనకీ ఆ అర్థం పూర్తిగా పోలేదు, ‘శిక్షణ’లో ఉంది చూడు. మీ మావగారి స్నేహితుడు ఎవరైనా నాది ‘బ్యబసాయ’ అంటే ఎన్ని ఎకరాలు అని అడగొద్దు, అది వ్యవసాయం కాదు వ్యాపారం, ఏ బట్టల కొట్టో అయ్యుంటుంది. ఆయన ‘అబసర’ తీసుకున్నాను అంటే ఏదో అవసరం పడింది అని కాదు, రిటైరయ్యారని. ఎవరిదైనా ‘చరిత్ర’ మంచిది అంటే వాళ్ళ వంశ చరిత్ర కాదు, నడవడిక. ఉపన్యాస అంటే నవల, కాబట్టి ఎవరైనా నేను ఉపన్యాస చదువుతున్నా అంటే మైకు ముందు నిలబడినట్టు ఊహించుకోకు.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైన మాట ‘అభిమాన’. మనకి అభిమానం అంటే ఇష్టం, ఒక్కోసారి ఆత్మగౌరవం. ఒడియాలో అభిమాన అంటే మనకి బాగా కావలసినవాళ్ళు పట్టించుకోకపోతే వచ్చే అలక, పరాయివాళ్ళ మీద రాదు అది, ప్రేమ ఉన్నచోటే వస్తుంది. ఇంత సన్నటి సంగతికి ఒక్క మాట పెట్టుకున్న భాష అది. పెళ్ళైన ఏడాదికి నీకు ఈ మాట ఉపయోగపడుతుంది.

పలుకుబడి గురించి ఒక్కటే గుర్తుంచుకో, మన అ అక్కడ ఒ వైపు వాలుతుంది, మన వ చాలా చోట్ల బ అవుతుంది. హిందీ వాళ్ళలాగా మాట చివర తుంచెయ్యరు, మనలాగే అచ్చుతో ముగిస్తారు. ళ కూడా ఉంది వాళ్ళకి, హిందీ మీదుగా వచ్చేవాళ్ళు దాని దగ్గరే ఇబ్బంది పడతారు, నీకు ఆ బాధ లేదు. వాళ్ళకి కష్టమయ్యేది మన దీర్ఘాలు, మాట్లాడేటప్పుడు ఒడియాలో పొట్టి ఇ పొడుగు ఈ అని తేడా ఉండదు, కాబట్టి పక్కింటావిడ తెలుగు నేర్చుకుంటాను అంటే నువ్వు నేర్పాల్సిన మొదటి పాఠం అదే.

ప్రశ్న: మేడం, నాకు 29, రాయగడ. జపాన్‌లో ఉద్యోగానికని రాత్రిపూట జపనీస్ నేర్చుకుంటున్నాను, ఎన్‌5 పరీక్ష (జపనీస్ భాషా పరీక్షల్లో మొదటి మెట్టు) రాయాలి, అక్షరాల పట్టిక చూస్తేనే భయమేస్తోంది. మాది రెండు గదుల ఇల్లు. నాన్న గురించి నాలుగు వాక్యాలు చెప్పమంటే ‘చిచి వా, చిచి వా’ అని గట్టిగా ప్రాక్టీస్ చేస్తున్నాను, పక్క గదిలో మా నాన్న విని రెండ్రోజులు మాట్లాడలేదు. ఎలా సర్దిచెప్పాలి?

జవాబు: ముందు నాన్నగారి దగ్గర కూర్చుని ఇది చదివి వినిపించు బాబూ. అయ్యా, జపనీస్‌లో ‘చిచి’ అంటే నాన్న, బయటివాళ్ళతో మా నాన్న అని చెప్పుకునేటప్పుడు అణకువగా అనే మాట, అమ్మని ‘హహ’ అంటారు. మీ అబ్బాయి రెండ్రోజులుగా మీ గురించే పొగుడుతూ వాక్యాలు కడుతున్నాడు. ఎదురుగా పిలిచేటప్పుడు చిచి అనరు, ‘ఒతోసన్’ అంటారు, ఎదుటివాళ్ళ నాన్నగారిని కూడా ఒతోసనే. మనమూ మా నాన్న, మీ నాన్నగారు అంటాం కదా, గౌరవం ఎవరి వైపు వెయ్యాలో అదే లెక్క. కాబట్టి బాబూ, ఇవాళ్టి నుంచి ఇంట్లో నాన్నని ఒతోసన్ అని పిలువు, అమ్మని ఒకాసన్ అని పిలువు. ఎన్‌5లో మాట్లాడే పరీక్ష ఉండదు, చదవడం వినడమే, అందుకే చాలామంది పాసై కూడా నోరు విప్పలేరు, నీకు ఇంట్లోనే ఇద్దరు మనుషులు దొరికారు.

తెలుగువాడివి కాబట్టి నీకున్న సుళువులు కూడా చెప్తాను. అన్న తమ్ముడు అక్క చెల్లి నాలుగింటికీ వాళ్ళకి నాలుగు మాటలున్నాయి, అని, ఒతోతొ, అనె, ఇమోతొ. ఇంగ్లీషులో బ్రదర్ అంటే పెద్దా చిన్నా తెలీదు. కర్త, కర్మ, చివర క్రియ, మన వరసే. మనలాగే విభక్తి మాట వెనకాల వస్తుంది, ‘తొమొదచి తొ ఇకిమసు’ అంటే ఫ్రెండ్‌తో వెళ్తాను, ఆ ‘తొ’ మన ‘తో’ లాగే పనిచేస్తుంది. ఇలాంటివి చూసి రెండు భాషలూ చుట్టాలేమో అని మాత్రం అనుకోకు, సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని వాదించారు గానీ ఎక్కువమంది భాషావేత్తలు ఒప్పుకోలేదు. గుర్తు పెట్టుకోడానికి వాడుకో, అంతే.

దీర్ఘం దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకో. ఒబసన్ అంటే పిన్ని వయసావిడ, ఒబాసన్ అంటే మామ్మ, నలభై ఏళ్ళావిడని దీర్ఘం పెట్టి పిలిస్తే నొచ్చుకుంటుంది. బ్యోఇన్ అంటే హాస్పిటల్, బియోఇన్ అంటే బ్యూటీ పార్లర్, జ్వరంతో ఉన్నప్పుడు టాక్సీ ఎక్కే ముందు ఒకటికి రెండుసార్లు అనుకో. పడు, పాడు తేడా చెవికి తెలిసిన మనకి ఇది కొత్తేం కాదు.

అక్షరాల పట్టిక చూసి భయపడ్డావని రాశావు. అచ్చులు అ ఇ ఉ ఎ ఒ, మన వరసే. హల్లులు క స త న హ మ య ర వ. మన క చ త న ప మ య ర వ పక్కన పెట్టుకుని చూడు, స ఉన్నచోట మన చ వరస, హ ఉన్నచోట పూర్వం వాళ్ళూ ప పలికేవారు. బౌద్ధ సన్యాసులు సంస్కృతం అక్షరాలు నేర్చుకున్నప్పుడు మన వైపు వరస అటు వెళ్ళింది. ఇంక క కి కు కె కొ అని ఒక్కో వరసా చదువు, ఒకటో క్లాసులో పలక మీద దిద్దిన గుణింతమే. ఈ పట్టికలోని హిరగాన అనే లిపిలో ముఖ్యమైనవి 46, మన గుణింతాలు నేర్చినవాడికి అదేమంత లెక్క కాదు. కంజి అనే బొమ్మల్లాంటి చైనా అక్షరాలు మాత్రం కష్టమే, రోజుకి మూడు చాలు, ఎక్కువ వద్దు.

ప్రశ్న: నెల్లూరు నుంచి బరంపురం ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను. ఒడియా నేర్చుకుందామని కష్టపడి వాక్యం కట్టి కూరగాయలావిడని అడిగితే ఆవిడ టక్కున తెలుగులో జవాబిస్తోంది! ఈ ఊళ్ళో అందరూ ఇంతేనా, ఇంక నేర్చుకునేదెలా?

జవాబు: ఇంతేనండి, మన బరంపురం బజారు అంత మంచిది, వచ్చినవాళ్ళ మొహం చూసి భాష మార్చేస్తుంది. మీరు రెండే రెండు వాక్యాలు బట్టీ పట్టండి. ‘మో సహిత ఒడియారే కథా హుఅంతు’, అంటే నాతో ఒడియాలో మాట్లాడండి. రెండోది ‘ఆఉ థరే కుహంతు’, ఇంకోసారి చెప్పండి. ఈ రెండోది ఏ భాషలోనైనా మొదట నేర్చుకోవాల్సిన వాక్యం, పైనున్న జర్మన్ అమ్మగారికి ‘నొహ్ ఐన్‌మాల్ బిట్టె’, రాయగడ అబ్బాయికి ‘మో ఇచిదొ ఒనెగై షిమసు’. పొద్దున్నే రద్దీ టైములో వెళ్ళకండి, పన్నెండు దాటాక వెళ్ళండి, అప్పుడు ఆవిడకి తీరిక ఉంటుంది. వంకాయ దగ్గర మొదలుపెట్టి ధర మొత్తం ఒడియాలోనే బేరం చెయ్యండి, మీరు తెలుగులోకి జారకండి, అంకెల దగ్గర తడబడతారు, ఆవిడ వేళ్ళు చూపించి చెప్తుంది, చెప్పనివ్వండి. మీకు అర్థమయ్యేదాకా కిలో వంకాయలు పక్కన పెట్టి నిలబడితే మూడో రోజుకి ఆవిడే మిమ్మల్ని చూడగానే ఒడియాలో పిలుస్తుంది.